ఊడ దిగిన నేల

విత్తిన 25, 30 రోజులకు వేరుశనగ చేను పసుప్పచ్చగా పూస్తుంది. పువ్వు తెల్లవారేసరికి విచ్చుకుని పొద్దు ఎక్కేకొద్దీ వాడిపోతుంది. మామూలు మొక్కల్లో అయితే పిందె అక్కడే కట్టాలి. ఇక్కడ అలా జరగదు. నాలుగైదు రోజుల తర్వాత పువ్వు రాలిన చోట ఊదారంగు తిరిగిన సన్నని పుల్ల ఒకటి బయటికొస్తుంది. మొదట ఎటు తిరిగి ఉన్నా సరే, కాసేపటికి కొస కిందికి వంచి నేలకేసి నడక మొదలుపెడుతుంది. దీన్నే రైతులు ఊడ అంటారు. కాయ కావలసిన భాగమంతా దాని కొసలోనే ఉంటుంది. వెలుగులో పూసిన మొక్క తన పంటను తానే చీకట్లో పాతుకుంటుంది.

తనకల్లు, కదిరి, నల్లచెరువు ప్రాంతాల్లో ఆగస్టు వచ్చిందంటే పొలం గట్ల మీద వినిపించే ప్రశ్న ఒకటే: ఊడలు దిగుతాండాయా లేదా? పైన చెట్టు ఎంత గుబురుగా ఉన్నా, పూత ఎంత విరగబూసినా, ఊడ మట్టిలోకి దిగకపోతే కళ్లంలో మిగిలేది కట్టె మాత్రమే. అప్పులు, పెళ్లిళ్లు, పిల్లల చదువులు, బెంగళూరు బస్సెక్కాలా వద్దా అన్న నిర్ణయాలు, వందేళ్ల పాటు ఈ పీఠభూమి జీవితంలో చాలా భాగం ఈ చిన్న వంపు మీదే ఆధారపడింది. కంటికి ఆనని కణాలు కిందేదో పైనేదో తేల్చుకోవడం, మట్టిలో కరిగిన రసాయనాన్ని పసిగట్టి అటు కదలడం వృక్షశాస్త్రం పుస్తకంలో పాఠాలు కావచ్చు. తనకల్లు చరిత్రలో మాత్రం అవి ఊళ్ల బతుకుతెరువును మలిచిన సంగతులు.

తనకల్లు పాత కదిరి తాలూకాలోది. ఆ తాలూకా 1910లో కడప జిల్లా నుంచి అనంతపురం జిల్లాలోకి మారింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు తనకల్లు మండలం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. హద్దులు ఎన్నిసార్లు మారినా వాన లెక్క మారలేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల దరిదాపు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు ఖాళీ అవుతాయి. ఈశాన్య మేఘాలు కోస్తా దాటి ఇంత లోపలికి వచ్చేసరికి సత్తువ కోల్పోతాయి. పైగా సగటు అన్నది కాగితం మీది మాట. మూడు రోజుల్లో కుండపోతగా కురిసి ముప్పై నలభై రోజులు మొహం చాటేయడం ఇక్కడి వానకు అలవాటు. నంది కొండల్లో పుట్టి ఈ వైపుగా వచ్చే పాపాఘ్నిలో ఏడాదిలో ఎక్కువ కాలం కనిపించేది ఇసుకే.

ఇలాంటి నేలలో పాతకాలపు రైతు ఒక్క పంటను నమ్ముకోలేదు. కొర్ర, సజ్జ, జొన్న, ఆరికె, రాగి వేసేవాడు. సాళ్ల మధ్య కంది, అలసంద, అనప చల్లేవాడు. వాన మరీ ఆలస్యమైతే చివరికి ఉలవ ఉండనే ఉంది. గట్ల వెంట ఆముదం. 1876-78 మహా కరువులో దత్తమండలాలు అల్లాడిపోయిన తర్వాత కూడా ఈ పంటల కూర్పు పెద్దగా మారలేదు. ఈ జాబితాలో కంది, అలసంద, అనప, ఉలవ ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. వేరుశనగ ఇక్కడ అంత తేలిగ్గా కుదురుకోవడానికి దారి వేసింది అవే.

వేరుశనగ పుట్టిల్లు దక్షిణ అమెరికా. నేటి బొలీవియా దక్షిణ భాగం, అర్జెంటీనా వాయవ్యం కలిసే చోట రెండు అడవి జాతులు కలిసి ఈ పంటగా మారాయని జన్యు పరిశోధనలు తేల్చాయి. 16వ శతాబ్దం తర్వాత యూరప్ ఓడలు దాన్ని ఆఫ్రికాకూ ఆసియాకూ మోసుకెళ్లాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో అది డబ్బు పంటగా మొదట స్థిరపడింది దక్షిణాన, పుదుచ్చేరి చుట్టుపక్కల. 19వ శతాబ్దం మధ్యలో అక్కడి ఫ్రెంచి రేవు నుంచి గింజలు మార్సెయ్ నగరానికి పోయేవి, అక్కడి సబ్బు కార్ఖానాలకు నూనె అందేది. 1890ల తొలినాళ్లలో ధర్మవరం నుంచి కదిరి, ములకలచెరువు మీదుగా పాకాల వైపు మీటర్ గేజి రైలు నడిచింది. మెట్ట భూముల్లో పండిన గింజను దూరపు మార్కెట్టుకు చేర్చే దారి అలా ఏర్పడింది. ఆ తర్వాత గానుగలు, వాటి వెనుక ఆయిల్ మిల్లులు వచ్చాయి.

అయినా రైలు, ధర ఈ రెంటితోనే కథంతా తేలదు. ధర పలికే పంటలు ఇంకా ఉన్నాయి, వాటిలో చాలా ఈ ఎర్రనేలలో నిలవలేకపోయాయి. వేరుశనగ ఎందుకు నిలిచిందో తెలియాలంటే చేను అడుగున ఏం జరుగుతోందో చూడాలి.

ముందు ఊడ సంగతి. ఛార్లెస్ డార్విన్ తన కొడుకు ఫ్రాన్సిస్‌తో కలిసి మొక్కల కదలికల మీద 1880లో ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో వేరుశనగ ఊడ కూడా ఉంది. కిందికి దిగుతూ కూడా అది సన్నగా చుట్టు తిరుగుతుందని ఆయన నమోదు చేశాడు. కింద ఏదో దానికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు సమాధానం ఇరవై ఏళ్ల తర్వాత మొదలైంది. 1900లో గాట్లీబ్ హాబర్‌లాంట్, బోహుమిల్ నేమెక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వేర్వేరుగా ఒకే మాట చెప్పారు: కొన్ని ప్రత్యేక కణాల్లో బరువైన పిండి రేణువులు ఉంటాయి, అవి కణం అడుగుకు చేరతాయి, ఎక్కడ చేరాయో అదే కింద. మొక్కను పక్కకు వాల్చితే రేణువులు జారి కొత్త అడుగున కూర్చుంటాయి. కణానికి దిక్కు మారిన కబురు అందేది అలాగే. ఆ రేణువుల నుంచి కబురు కణం అంచుకు ఎలా చేరుతుందో తేలడానికి ఇంకో 120 ఏళ్లు పట్టింది. రేణువుల మీద ఉండే లేజీ అనే ప్రొటీన్లు, అవి ఒరిగిన వైపు కణపొర మీదికి మారుతున్నాయని 2023లో ఆవాల జాతి చిన్న మొక్క అరాబిడాప్సిస్ మీద చేసిన పరిశోధనలు చూపాయి.

అక్కడి నుంచి పని ఆక్సిన్ అనే హార్మోనుది. మొక్క పక్కకు వాలితే వేరులోనూ కాండంలోనూ ఆక్సిన్ కింది వైపుకు ఎక్కువగా చేరుతుంది. కాండంలో అది పెరుగుదలను పెంచుతుంది కాబట్టి కాండం పైకి లేస్తుంది, వేరులో తగ్గిస్తుంది కాబట్టి వేరు కిందికి వంగుతుంది. ఊడ విషయానికి వస్తే పెద్ద చిక్కు. దాని నిర్మాణం చూస్తే అది కాండం తరహా, ప్రవర్తన చూస్తే వేరు. 1990ల చివర్లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో మోక్టెజూమా, ఫెల్డ్‌మన్ ఈ చిక్కును విప్పారు. అడ్డంగా ఉంచిన ఊడలో ఆక్సిన్ పై వైపుకు చేరుతోందని వాళ్లు గుర్తించారు. పై వైపు ఎక్కువ పెరిగితే కొస కిందికి వంగక తప్పదు. ఊడ కణాల్లోని పిండి రేణువులను పోగొడితే ఆ వంపు బాగా మందగిస్తుందని కూడా వాళ్లే చూపారు. కాండపు కణజాలమే హార్మోను దారిని తిప్పేసుకుని వేరులా నడుస్తోందన్న మాట. వేరుశనగ పరిణామంలో ఇంత చిన్న మార్పుకు ఇంత పెద్ద ఫలితం ఉండటం ఆశ్చర్యం కలిగిస్తుంది. ఈ ఒక్క తిప్పు లేకపోతే కదిరి మార్కెట్టూ లేదు, మార్సెయ్ సబ్బూ లేదు.

ఊడ పుట్టకముందే మరో ప్రయాణం జరిగి ఉంటుంది. వేరుశనగ పువ్వు కింద పొడవైన సన్నటి గొట్టం ఉంటుంది. అండాశయం ఆ గొట్టం మొదట్లో ఎక్కడో దాక్కుని ఉంటుంది. కీలాగ్రం మీద పడిన పుప్పొడి రేణువు నుంచి ఒక నాళం బయల్దేరి ఆ దూరమంతా పెరుగుతూ పోయి సరైన చోట ఆగాలి. ఒక్క కణం చేసే ప్రయాణం అది. ఇలాంటి నాళాన్ని చివరి అంగలో పిలిచేది అండం పక్కన ఉండే కణాలు విడిచే చిన్న ప్రొటీన్లని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో తెత్సుయా హిగాషియామా బృందం 2009లో టొరేనియా అనే పూలమొక్కలో రుజువు చేసింది.

మట్టి తగలగానే ఊడలో రెండో అధ్యాయం మొదలవుతుంది. ఫలదీకరణ అయిన పిండం కొద్దిపాటి కణాలుగా విడి, ఊడ గాలిలో ఉన్నంత కాలం దాదాపు నిద్రపోతుంది. చీకటి, మట్టి ఒరిపిడి తగిలాక మేల్కొంటుంది. నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల లోతుకు దిగాక కొస అడ్డం తిరిగి కాయ ఊరడం మొదలవుతుంది. వెలుగు తగిలితే ఆగాలి, చీకటైతే సాగాలి అన్న ఈ పట్టింపు వల్ల, ఎత్తైన కొమ్మల మీద పూసి నేలను అందుకోలేని ఊడలు గాలిలోనే ఎండిపోతాయి. చేను నిండా పూసిన పూలలో కాయలయ్యేవి కొన్నే.

ఎర్రనేల రైతుకు కష్టం వచ్చేది కూడా ఇక్కడే. వాన పడి వెంటనే ఎండ కాస్తే ఈ నేల పైపొర గట్టి పెచ్చు కడుతుంది. ఊడకు దిక్కు తెలుసు, దిగే సత్తువ చాలదు. కలుపు తీసి అంతరకృషితో మట్టిని గుల్ల చేయడం, ఊడలు దిగడం మొదలయ్యాక చేనిలో కాలు పెట్టి కదిలించకపోవడం ఇక్కడి రైతులు తరాలుగా పాటిస్తున్న పద్ధతి. వ్యవసాయ శాఖ చెప్పే జిప్సం మోతాదు ఎకరాకు 200 కిలోలు, అది కూడా పూత, ఊడ దశలోనే. కారణం కాయ స్వభావంలో ఉంది. కాల్షియం మొక్కలో నీటితో పాటు పైకి, ఆకుల్లోకి పోతుంది. ఆకులు నీటిని ఆవిరి చేస్తాయి కాబట్టి ఆ లాగుడు ఉంటుంది. మట్టిలో ఉన్న కాయకు ఆవిరయ్యే అవకాశం లేదు, అందువల్ల వేరు పీల్చిన కాల్షియం దానికి అందదు. కాయ తన చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా తీసుకోవాలి. తీసుకోవాలంటే మట్టిలో పదును ఉండాలి. కాల్షియం చాలకపోతే బయటికి నిండుగా కనిపించే కాయ చిదిపితే లొట్ట. సెప్టెంబరులో బెట్ట వచ్చిన ఏడాది తూకం తప్పిపోవడానికి దాహం ఒక కారణమైతే ఇది ఇంకొకటి.

ఇప్పుడు వేరు వైపు. వేరుశనగ మొక్కను పీకి చూస్తే పక్క వేర్లు చీలే చోట్ల ఆవగింజంత, అంతకన్నా కాస్త పెద్ద బుడిపెలు కనిపిస్తాయి. గోటితో గిల్లితే లోపల లేత ఎరుపు ఉంటే అవి పనిచేస్తున్నట్టు. ఆ బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మారుస్తుంది. జర్మనీలో హెల్రీగెల్, విల్ఫార్త్ 1886లో దీన్ని ప్రకటించారు. రెండేళ్ల తర్వాత డచ్ శాస్త్రవేత్త బైయరింక్ ఆ బ్యాక్టీరియాను విడిగా పెంచాడు. ఎరువు కొనే స్తోమత లేని మెట్ట రైతుకు ఇంత విలువైన సహాయం మరొకటి లేదు.

ఆ బ్యాక్టీరియా వేరును ఎలా కనుక్కుంటుంది? అదే కాలంలో ఈ ప్రశ్నకు కూడా బీజం పడింది. పచ్చని పాచి విడిచే ప్రాణవాయువు చుట్టూ బ్యాక్టీరియా గుమికూడుతోందని థియోడోర్ ఎంగెల్‌మన్ 1880లలో గమనించాడు. ఫెర్న్ మొక్కల పురుషకణాలు మాలిక్ ఆమ్లం వైపు ఈదుతాయని విల్‌హెల్మ్ ఫెఫర్ 1884లో చూపాడు. ఆ తర్వాత చాలా కాలం ఈ విషయం మరుగున పడింది. 1960లలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జూలియస్ ఆడ్లర్ ఇ. కొలై బ్యాక్టీరియా మీద దాన్ని మళ్లీ తెరిచాడు. రసాయనాన్ని తినడం వేరు, పసిగట్టడం వేరని, పసిగట్టడానికి కణం మీద ప్రత్యేక గ్రాహకాలు ఉన్నాయని నిరూపించాడు. 1972లో హోవర్డ్ బర్గ్ ఒక్కొక్క బ్యాక్టీరియాను వెంటాడే సూక్ష్మదర్శిని తయారుచేసి దాని నడకను గీశాడు. అది సుమారు ఒక సెకను తిన్నగా ఈదుతుంది, సెకనులో పదోవంతు సేపు పల్టీ కొట్టి కొత్త దిక్కు పట్టుకుంటుంది. దిక్కును అది ఎంచుకోదు. కానీ పోతున్న వైపు రసాయనం పెరుగుతుంటే పల్టీని వాయిదా వేస్తుంది. అంతే, ఆ ఒక్క చిన్న వాయిదాతో అది చేరవలసిన చోటుకు చేరుతుంది.

ఇందులో ఉన్న కష్టం చాలామంది ఊహించనిది. బ్యాక్టీరియా పొడవు మిల్లీమీటరులో అయిదువందో వంతు. తన ముందు కొసకూ వెనుక కొసకూ మధ్య రసాయనంలో తేడా ఎంత, లెక్కలోకి రానంత. అందుకే అది చోటును చోటుతో పోల్చదు, ఇప్పటి క్షణాన్ని కొద్ది సెకన్ల కిందటి క్షణంతో పోలుస్తుంది. ఒక కణానికి జ్ఞాపకం ఉండటమంటే ఇదే. ఆ జ్ఞాపకం గ్రాహకాలకు అతుక్కునే చిన్న రసాయన గుర్తుల రూపంలో ఉంటుంది. పైగా అణువులు నీటిలో చెదురుమదురుగా వచ్చి తగులుతాయి, ఒక లెక్క ప్రకారం రావు. తగిలిన ఒక్క అణువును నమ్మి కదిలితే దారి తప్పుతుంది. ఈ గందరగోళంలో ఒక కణం ఎంత కచ్చితంగా కొలవగలదో దానికి భౌతిక హద్దు ఏమిటో బర్గ్, ఎడ్వర్డ్ పర్సెల్ 1977లో లెక్కగట్టారు. కొంతసేపు కూడబెట్టి సరాసరి చూసుకుంటే కణం ఆ హద్దుకు చాలా దగ్గరగా వెళ్లగలదని తేలింది. వేలాది గ్రాహకాలు కణం కొసన గుంపుగా చేరి ఒకదానికొకటి సాయపడటం వల్ల చిన్న తేడా కూడా పెద్ద స్పందనగా మారుతుంది. మన ఒంట్లోని తెల్లరక్తకణాలు మాత్రం ఒళ్లు పెద్దవి కావడంతో ముందూ వెనకా తేడానే నేరుగా పోల్చుకుంటాయి.

ఈ ఈతంతా జరగాలంటే నీరుండాలి. మట్టి రేణువుల చుట్టూ పలుచని నీటిపొర ఉన్నంతసేపే బ్యాక్టీరియా కదులుతుంది, వేరు విడిచిన రసాయనం దాన్ని చేరుతుంది. పొర తెగిపోతే పిలుపూ ఆగుతుంది, కదలికా ఆగుతుంది. పదునైన వాన పడ్డాకే విత్తాలని ముసలి రైతులు పట్టుబట్టడం మొలక కోసమే అనుకుంటారు. మొలక వేరుకూ బ్యాక్టీరియాకూ మధ్య కుదరవలసిన ఈ మొదటి పరిచయం కూడా ఆ పదునులోనే కుదురుతుంది.

వేరు పిలిచేది ఫ్లేవనాయిడ్లనే పదార్థాలతో. వాటిని అందుకున్న బ్యాక్టీరియాలో కొన్ని జన్యువులు మేల్కొంటాయని 1986లో షారన్ లాంగ్ బృందం లూసర్న్ మొక్కలో చూపింది. జవాబుగా బ్యాక్టీరియా ఇంకో రసాయనాన్ని తయారుచేసి పంపుతుంది. దాని నిర్మాణాన్ని ఫ్రాన్స్‌లోని తులూజ్ శాస్త్రవేత్తలు 1990లో విప్పారు. మొక్క ఆ జవాబును గుర్తుపడితేనే తలుపు తెరుస్తుంది. చాలా పప్పుజాతుల్లో బ్యాక్టీరియా నూగువేరు లోపలి నుంచి దారి తొలుచుకుంటూ పోతుంది. వేరుశనగలో అలా కాదు, పక్క వేరు బయటికి పొడుచుకొచ్చినప్పుడు ఏర్పడే చిన్న పగులులో నుంచి కణాల మధ్యకు జొరబడుతుంది. బుడిపెలు వేర్లు చీలే చోటే ఉండటానికి అదే కారణం.

దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క కొత్త దేశంలో ఎవరిని పిలుస్తుంది, ఎవరు పలుకుతారు? సోయాచిక్కుడు మన దేశంలో విస్తరించినప్పుడు దానికి తగిన బ్యాక్టీరియాను చాలా చోట్ల విత్తనంతో పాటు పనిగట్టుకుని ఇవ్వవలసి వచ్చింది. వేరుశనగకు ఆ అవసరం రాలేదు. అలసంద, కంది, ఉలవ వేర్లతో కలిసి బతికే నిదానపు జాతి బ్యాక్టీరియా ఇక్కడి నేలల్లో ముందే స్థిరపడి ఉంది. వేరుశనగ పిలుపు దానికి అర్థమైంది. కొర్ర సాళ్ల మధ్య కంది వేసిన, ఆఖరి వానకు ఉలవ చల్లిన ఆ పాతకాలపు రైతులు తమకు తెలియకుండానే ఒక పరదేశి పంటకు నేలను సిద్ధం చేసి పెట్టారు. ఈ పంట చరిత్ర రాసేవాళ్లు రేవులు, రైళ్లు, ధరల గురించి వివరంగా రాస్తారు. ఉలవ చేలకు ఇవ్వవలసిన చోటు కూడా అందులో ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత ఈ కథ ప్రయోగశాలలోకి వచ్చింది. తనకల్లుకు పొరుగునే ఉన్న కదిరి వ్యవసాయ పరిశోధనా స్థానం వేరుశనగకు కేంద్రంగా ఎదిగింది. అంతదాకా ఈ మెట్టల్లో ఏలుతున్నది 1940లో తిండివనంలో విడుదలైన టీఎంవీ 2. దాన్ని రైతులు దశాబ్దాల పాటు వదల్లేదు. 1978లో కదిరి నుంచి కదిరి 3 వచ్చింది, దాని పరిశోధనా నామం రోబట్ 33-1. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ 1976లో వేరుశనగను చేపట్టింది. అక్కడ పి.టి.సి. నంబియార్, పీటర్ డార్ట్, వారి సహచరులు వేరుశనగ బ్యాక్టీరియా మీద ఏళ్ల తరబడి పనిచేశారు. నేలలో ముందే ఉన్న బ్యాక్టీరియాతో పోటీపడి, బయటి నుంచి ఇచ్చిన మేలైన స్ట్రెయిన్ గెలవడం కష్టమని వాళ్లకు త్వరలోనే అర్థమైంది. స్థానికులు లక్షల్లో ఉన్నచోట ప్యాకెట్లో వచ్చినవి కొన్నే. చాలా ప్రయోగాల్లో తేడా కనిపించలేదు. ఎన్‌సీ 92 అనే స్ట్రెయిన్‌ను రోబట్ 33-1 రకానికి ఇచ్చినప్పుడు మాత్రం దిగుబడి పెరిగింది, అది కూడా ఒకచోట కాదు, పలు ప్రయోగాల్లో. మరో రకానికి అదే స్ట్రెయిన్ ఇస్తే అదే ఫలితం రాలేదు.

కదిరి పేరు మోసిన రకానికీ ఒక బ్యాక్టీరియా స్ట్రెయిన్‌కూ ఇలా జత కుదరడం ఈ పరిశోధనల్లో తరచుగా ఉదహరించే సంగతిగా మిగిలింది. పిలుపు, జవాబు రెండూ ఒకదానికొకటి సరిపోవాలన్న సూత్రాన్ని పొలంలోనే చూపిన ఉదాహరణ ఇది. ఇక్రిశాట్‌లోనే 1970ల చివర్లో అసలు బుడిపెలే కట్టని వేరుశనగ మొక్కలు కూడా దొరికాయి. చేను మధ్యలో పాలిపోయి నిలబడ్డ ఆ మొక్కలు, బ్యాక్టీరియా తోడు లేకపోతే ఈ పంట ఎలా ఉంటుందో చూపించాయి. విత్తన శుద్ధి మందుకు బ్యాక్టీరియా చచ్చిపోతుంది కాబట్టి, దాన్ని గింజకు పట్టించే బదులు ద్రవంగా సాలులో పోసే పద్ధతిని కూడా అక్కడ పరీక్షించారు. పల్లెల్లో వాడుకలోకి వచ్చింది మాత్రం బెల్లం ద్రావణంలో కలిపి గింజకు పట్టించే రైజోబియం పొడి.

ఇక్కడ ఒక తెలుగు పేరు తలుచుకోవాలి. ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి బుడిపెలోని బ్యాక్టీరియా 16 ఏటీపీ అణువుల శక్తిని ఖర్చు చేస్తుంది. ఆ ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు వేర్వేరుగా కనుగొన్నారు. భీమవరంలో పుట్టిన సుబ్బారావు తర్వాతి రోజుల్లో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద చేసిన పని అందరికీ తెలిసిందే. మట్టిలో తిరిగే డిక్టియోస్టీలియం అనే అమీబా తన ఆహారమైన బ్యాక్టీరియాను వెతుక్కుంటూ పోయేది ఆ ఫోలిక్ ఆమ్లం జాడ పట్టుకునేనని 1970లలో తెలిసింది. ఆకలేసినప్పుడు అవే అమీబాలు ఒకచోట గుమికూడటానికి వాడే సంకేతం, సైక్లిక్ ఏఎంపీ, ఏటీపీ నుంచే తయారవుతుంది. కణాల మధ్య నడిచే ఈ రాయబారంలో సుబ్బారావు చేయి పడిన పదార్థాలు రెండు ఉండటం తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోదగ్గది.

1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ వచ్చాక అనంతపురంలో వేరుశనగ మిగతా పంటలన్నిటినీ నెట్టేసింది. ఒక దశలో ఉమ్మడి జిల్లాలో 7 లక్షల హెక్టార్లు దాటి సాగైంది. కొర్ర గింజ విత్తనానికి కూడా కరువైన ఊళ్లున్నాయి. ఒకే పంట ఇంత విస్తారంగా పరుచుకుంటే దాని శత్రువులకూ పండగే. తొలకరి జల్లు పడగానే నేలలో నుంచి లేచే ఎర్ర గొంగళి రెక్కల పురుగులను చేలల్లో రాత్రిపూట మంటలు వేసి చంపేవాళ్లు. పొగాకు లద్దె పురుగుకు వేరే ఉపాయం వచ్చింది, ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు. దీని పుట్టుక కూడా కణాల ఘ్రాణశక్తిలోనే ఉంది. ఆడ రెక్కల పురుగు విడిచే అతి స్వల్ప వాసనను మగ పురుగు మీసాల మీది నాడీకణాలు పట్టుకుంటాయి. అలాంటి పదార్థాన్ని మొట్టమొదట వేరుచేసింది జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్, 1959లో, దాదాపు 5 లక్షల ఆడ పట్టుపురుగుల నుంచి. హిందూపురం, ధర్మవరం వైపు చంద్రికల మీద గూళ్లు కట్టే మల్బరీ పట్టుపురుగు జాతే అది. పొగాకు లద్దె పురుగు వాసనను జపాన్‌లో 1973లో గుర్తించారు. బుట్టలో వేలాడే రబ్బరు బిళ్లకు పట్టించేది దాన్నే.

2000 సంవత్సరం ఖరీఫ్ మరో రకం దెబ్బ కొట్టింది. కొత్తగా తలెత్తిన కాండం కుళ్లు వైరస్ తెగులు అనంతపురం జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లను తాకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. వయ్యారిభామ పుప్పొడిలో ఉండే ఆ వైరస్‌ను తామర పురుగులు మోసుకొస్తున్నాయని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు తేల్చారు. గట్ల మీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయాలని, చేను చుట్టూ జొన్నో సజ్జో దడిగా వేయాలని సలహా ఇచ్చారు. నెట్టేసిన పాత పంటలు ఈసారి కాపలాకు తిరిగొచ్చాయి.

2005లో విడుదలైన కదిరి 6 తర్వాతి పదేళ్లు ఈ నేలను ఏలింది. దాని తర్వాత కదిరి 9, ఇటీవల కదిరి లేపాక్షి వచ్చాయి. 2019లో సాగు వేరుశనగ పూర్తి జన్యుక్రమం వెలువడింది. ఊడలో ఆక్సిన్‌ను పైకి మళ్లించే జన్యువులు ఏవో వెతకడానికి దారి దొరికింది. అయినా సాగు విస్తీర్ణం గత పదిహేనేళ్లలో బాగా తగ్గింది. వరుస బెట్టలు, చౌకగా దిగుమతయ్యే పామాయిల్, పెరిగిన విత్తనాల ఖర్చు, కూలి రేట్లు, అడవి పందుల బెడద అన్నీ కలిశాయి. తనకల్లు వైపు బోరు ఉన్న రైతు మదనపల్లె మార్కెట్టును చూసి టమాటా నాటుతున్నాడు. బోరు లేని రైతు వాన ఆలస్యమైన ఏడాది కందికి, ఉలవకు మళ్లుతున్నాడు. వేరుశనగ వేసినా మధ్యలో కంది సాళ్లు పెట్టడం మళ్లీ పెరిగింది. ఆ కంది వేరు విడిచే పిలుపుకూ పలికేది వేరుశనగతో ఇన్నేళ్లు కాపురం చేసిన బ్యాక్టీరియా వర్గమే. వాన పడి మట్టి రేణువుల చుట్టూ నీటిపొర తిరిగి కట్టిన రోజున అది ఏ వేరు దొరికితే ఆ వేరు వైపు ఈదుతుంది.